బూమ్ జారడం, ఆయిల్ తగ్గడం: మినీ ఎక్స్‌కవేటర్‌లో హైడ్రాలిక్ లీకును పట్టుకునే తీరు

మీ ప్రశ్న సారాంశం ఇది. మూడున్నర టన్నుల మినీ ఎక్స్‌కవేటర్‌లో బూమ్‌ను, అంటే యంత్రపు ప్రధాన చేతిని, ఎత్తే సిలిండర్ సీల్ కిట్‌ను రెండుసార్లు మార్చినా గ్లాండ్ (రాడ్ అనే కడ్డీ బయటికి వచ్చే చోట సిలిండర్‌కు ఉండే మూత) దగ్గర మళ్లీ తడి కనిపిస్తోంది. ఇంజన్ ఆపి వదిలేస్తే బూమ్ నెమ్మదిగా కిందికి జారుతోంది. ట్యాంకులో రోజుకు మూడు లీటర్ల దాకా ఆయిల్ పోయవలసి వస్తోంది. మూడోసారి కిట్ మార్చాలా, లేక సిలిండర్‌నే కొత్తది వేయాలా అని అడిగారు. నా ఉద్దేశంలో ప్రస్తుతానికి రెండూ వద్దు. మీరు చెప్పిన మూడు లక్షణాలకూ ఒకటే మూలమని అనుకోవడం వల్లనే రెండు కిట్లూ వృథా అయినట్టు కనిపిస్తోంది. గ్లాండ్ దగ్గరి తడికి ఒక కారణం, బూమ్ జారడానికి ఇంకొకటి, ట్యాంకు తగ్గడానికి వేరొకటి ఉండవచ్చు. అందువల్ల ఈ మూడింటినీ విడివిడిగా పరీక్షించి, తేలినదాన్ని బట్టి స్పానర్ పట్టుకోవడం మంచిది.

పరీక్షలకు ముందు ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ తరగతి యంత్రాల్లో ప్రధాన సర్క్యూట్ పీడనం సాధారణంగా 200 నుంచి 250 బార్ వరకు ఉంటుంది. హోస్‌కు సూదిమొనంత రంధ్రం పడితే అందులోంచి వచ్చే ధార కంటికి ఆనకపోవచ్చు గానీ, గ్లవుజును, చర్మాన్ని దాటి కండరాల మధ్యకు దూసుకుపోతుంది. గాయం చీమ కుట్టినంతే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా అంతగా ఉండదు. లోపలి కణజాలం మాత్రం గంటల వ్యవధిలోనే చెడిపోతుంది, ఆలస్యమైతే వేలినో చేతినో తొలగించవలసి రావచ్చు. కాబట్టి లీకు కోసం చేత్తో తడమకూడదు. పొడవైన అట్టముక్కనో చెక్కనో హోస్ వెంబడి కదిలిస్తూ చూడాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. పొరపాటున ధార తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, అధిక పీడనంతో ఆయిల్ చర్మం లోపలికి ఎక్కిందని స్పష్టంగా చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే దాన్ని చిన్న గాటుగా భావించి కట్టు కట్టి పంపే ప్రమాదం ఉంది.

ఏ నట్టునైనా వదులు చేసే ముందు బకెట్‌ను, బ్లేడును నేలకు ఆనించి, ఇంజన్ ఆపి, తాళంచెవిని ఆన్ స్థితిలోనే ఉంచి, సేఫ్టీ లివర్‌ను లాక్ తీసిన, అంటే జాయ్‌స్టిక్కులు పనిచేసే స్థితిలో పెట్టి, జాయ్‌స్టిక్కులను అన్ని వైపులకూ చాలాసార్లు కదపాలి. తాళంచెవి ఆన్‌లో లేకపోతే పైలట్ సర్క్యూట్‌ను (లివర్ల ఆదేశాన్ని వాల్వ్‌కు చేర్చే ఆయిల్ దారిని) తెరిచే సోలినాయిడ్ అనే విద్యుత్ వాల్వ్ మూసుకునే ఉంటుంది; అప్పుడు లివర్లు ఎంత కదిపినా కంట్రోల్ వాల్వ్‌లో ఆయిల్ దారి మార్చే స్పూళ్లు అనే కడ్డీలు కదలవు, పీడనం లోపలే నిలుస్తుంది. బ్రేకర్ వంటివి నడిపే అదనపు సర్క్యూట్ పెడల్‌ను కూడా అలాగే తొక్కి వదలాలి. ట్యాంకు బ్రీదర్‌నో (గాలి ఆడే రంధ్రపు భాగం) మూతనో నెమ్మదిగా తెరిచి లోపలి గాలిని వదిలేస్తే, హోస్ విప్పినప్పుడు ఆయిల్ ఎగజిమ్మడం తగ్గుతుంది.

ఇక మొదటి పని యంత్రాన్ని కడగడం. ఇది చాలా మంది దాటవేసే పని, కానీ సగం రోగనిర్ణయం ఇక్కడే జరుగుతుంది. నెలల తరబడి పేరుకున్న జిడ్డు, మట్టి కలిసిన పొర మీద కొత్త లీకు ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియదు. ఆయిల్ కిందికి జారుతుంది, ఇంజన్ ఫ్యాన్ గాలికి పక్కకు కొట్టుకుపోతుంది, హోస్ పై తొడుగు లోపలి నుంచి బారెడు దూరం ప్రయాణించి చివర చుక్కగా రాలుతుంది. చుక్క రాలే చోటును చూసి భాగాన్ని తప్పుపట్టడం అందుకే సరికాదు. డీగ్రీజర్ వేసి కడిగి, ఎలక్ట్రికల్ కనెక్టర్ల మీదికీ బ్రీదర్ మీదికీ నేరుగా నీటిధార పడకుండా చూసి, పూర్తిగా ఆరబెట్టాలి. ఆ తర్వాత అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడర్ పలుచగా చల్లి, ఆయిల్ పని వేడికి వచ్చేదాకా యంత్రాన్ని నడిపి, ఆపి చూడాలి. పౌడర్ మీద తడి ఎక్కడ అన్నింటికంటే పైన, అన్నింటికంటే ముందు కనిపించిందో అక్కడి నుంచి లీకు మొదలైనట్టు. చల్లని ఆయిల్‌తో కనిపించని లీకు వేడెక్కాక బయటపడుతుంది, ఎందుకంటే వేడికి ఆయిల్ పలుచబడుతుంది. కాబట్టి ఉదయం రెండు నిమిషాలు నడిపి చూసి బాగుందని తేల్చుకోవద్దు. ఇలా చేసినా దొరకని మొండి లీకుకు ఆయిల్‌లో కలిపే మెరుపు రంగు ఉంటుంది. దాన్ని కలిపి కొంతసేపు పని చేయించి, చీకటిలో అతినీలలోహిత టార్చితో చూస్తే లీకైన దారి పసుపు పచ్చగా వెలుగుతుంది.

కారుతున్నది ఏ ద్రవమో కూడా ముందే తేల్చుకోవాలి. తెల్ల కాగితం మీద ఒక చుక్క తీసుకుంటే చాలు: ఇంజన్ ఆయిల్ నల్లగా ఉంటుంది, డీజిల్‌ను వాసనే పట్టిస్తుంది, గేర్ ఆయిల్ చిక్కగా ఘాటైన గంధకపు వాసన వేస్తుంది, హైడ్రాలిక్ ఆయిల్ తేనె రంగులో తేటగా ఉంటుంది. అది పాలవలె తెల్లగా ఉంటే నీరు కలిసినట్టు. నురుగు పట్టి, కాసేపటికి తేటపడితే గాలి కలిసినట్టు.

ఇప్పుడు మీ మూడు లీటర్ల సంగతి చూద్దాం. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, సెకనుకు ఒక చుక్క చొప్పున రాలే లీకు ఎనిమిది గంటల్లో సుమారు 1.4 లీటర్లు పోగొడుతుంది. రోజుకు మూడు లీటర్లు పోవాలంటే పని జరిగినంతసేపూ సెకనుకు రెండు చుక్కలు రాలాలి. గ్లాండ్ నుంచి అంత రాలితే రాడ్ మీద ధార కట్టి, కింద మడుగు కనిపించి తీరాలి. మీరు తడి అని మాత్రమే రాశారు. కాబట్టి మిగిలిన ఆయిల్ వేరేచోటికి పోతోందని నా అనుమానం.

అయితే అంతకంటే ముందు ఆయిల్ మట్టం ఎలా చూస్తున్నారో సరిచూసుకోండి. సిలిండర్ రాడ్ బయటికి వచ్చినప్పుడు ట్యాంకులోని ఆయిల్ సిలిండర్‌లోకి వెళుతుంది, లోపలికి వెళ్లినప్పుడు ట్యాంకుకు తిరిగివస్తుంది. అందుకే మట్టం చూసేటప్పుడు బూమ్, ఆర్మ్ (బూమ్‌కూ బకెట్‌కూ మధ్య చెయ్యి), బకెట్, బ్లేడు ఏ స్థితిలో ఉండాలో మాన్యువల్‌లో బొమ్మ వేసి మరీ చూపిస్తారు. ఒకరోజు బూమ్ ఎత్తి ఉంచి చూసి తక్కువైందని పోస్తే, మరుసటి రోజు బూమ్ దించినప్పుడు ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ గుండా పొంగి ట్యాంకు పక్కల నుంచి కారుతుంది. ఆ కారడాన్ని చూసి మళ్లీ ఎక్కడో లీకు ఉందని వెతుకుతారు. ఇది అరుదైన సంగతి కాదు.

మట్టం సరిగ్గా చూసినా తగ్గుతుంటే, బయటికి చుక్క రాకుండా ఆయిల్ పోగల దారులు వెతకాలి. పంపు షాఫ్ట్ సీల్ చెడితే పంపు ఎక్కడ బిగించి ఉందో దాన్ని బట్టి ఆయిల్ ఇంజన్ వెనుక హౌసింగ్‌లోకి గానీ, టైమింగ్ గేర్ల గుండా ఇంజన్ సంపులోకి గానీ చేరుతుంది. ఇంజన్ డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతూ ఉంటే ఆ ఇంజన్‌ను ఇక నడపకూడదు. ట్రాక్‌ను నడిపే ట్రావెల్ మోటార్ సీల్ చెడితే హైడ్రాలిక్ ఆయిల్ దాని పక్కనుండే ఫైనల్ డ్రైవ్ గేర్ పెట్టెలోకి దిగుతుంది. లెవెల్ ప్లగ్‌ను జాగ్రత్తగా తెరిచినప్పుడు ఆయిల్ అంచు వరకు ఉండడానికి బదులు పలుచగా, ఎక్కువగా బయటికి వస్తే అది మోటార్ నుంచి వచ్చిన ఆయిలే. బయట స్ప్రాకెట్ లోపలి అంచున చిక్కని గేర్ ఆయిల్ మాత్రమే కారుతుంటే ఫైనల్ డ్రైవ్ పెద్ద లోహపు సీల్ పాడైనట్టు. ఈ రెండింటికీ మరమ్మతు వేరు. మీ యంత్రంలో బెల్లీ ప్లేట్ (అడుగున ఉండే రక్షణ రేకు) విప్పి లోపల ఎంత ఆయిల్ నిలిచిందో కూడా చూడండి, మూడు లీటర్లు అక్కడ కనిపించినా ఆశ్చర్యపడనక్కర్లేదు. యంత్రం నడుమ కిందికి ఆయిల్ దిగుతుంటే సెంటర్ జాయింట్‌ను, అంటే తిరిగే పై భాగం నుంచి కింది ట్రాక్‌లకు ఆయిల్ అందించే జాయింట్‌ను, అనుమానించాలి. ఆ జాయింట్‌లో సీళ్లు లోపల్లోపల చెడితే బయట తడి ఉండదు గానీ, ఒక ట్రాక్ బలహీనంగా నడవడం, రెండో స్పీడు పడకపోవడం వంటివి కనిపిస్తాయి.

మోటార్ షాఫ్ట్ సీళ్ల గురించి మరొక మాట. ఈ సీళ్లు చాలా తక్కువ పీడనానికి తయారైనవి. మోటార్ లోపల సహజంగా జారే ఆయిల్ కేస్ డ్రెయిన్ అనే సన్నని హోస్ గుండా నేరుగా ట్యాంకుకు పోవాలి. ఆ హోస్ నలిగినా, ఆ దారిలో ఉన్న చిన్న ఫిల్టర్ మూసుకుపోయినా కేస్‌లో పీడనం పెరిగి సీల్ బయటికి తన్నుకొస్తుంది. ట్రాక్ లోడర్లలోనూ స్కిడ్ స్టీర్లలోనూ ఈ ఫిల్టర్‌ను సర్వీసులో మరిచిపోవడం వల్ల ఖరీదైన మోటార్లు పోతుంటాయి. డ్రెయిన్ కప్లింగ్ సగమే కూర్చున్న మోవర్, ట్రెంచర్ వంటి అటాచ్‌మెంట్లకూ ఇదే గతి పడుతుంది. కారణం తీయకుండా కొత్త సీల్ వేస్తే అది కొన్ని గంటల కంటే నిలవదు.

ఇక గ్లాండ్ దగ్గరి లీకు. రాడ్ మీద వేలికి అంటీ అంటనట్టు ఉండే పలుచటి ఆయిల్ పొర సహజమైనది, సీల్ పెదవికి అది అవసరం కూడా. చుక్కగా మారి రాలితేనే దాన్ని లీకుగా లెక్కించాలి. ఆ చుక్క రాడ్‌కూ వైపర్‌కూ (రాడ్ మీది మట్టిని తుడిచే బయటి రింగ్) మధ్య నుంచి వస్తోందా, లేక గ్లాండ్‌కూ బ్యారెల్‌కూ (సిలిండర్ గొట్టం) మధ్య మరల నుంచి వస్తోందా అని ముందు తేల్చుకోండి. శుభ్రంగా తుడిచి, గ్లాండ్ బయటి అంచు చుట్టూ కాగితం చుట్టి బూమ్‌ను నాలుగైదు సార్లు ఆడిస్తే తెలుస్తుంది. మరల దగ్గర తడిస్తే దోషం రాడ్ సీల్‌ది కాదు, గ్లాండ్ బయటి ఓ-రింగ్‌ది, దాని పక్కనే ఆధారంగా ఉండే గట్టి బ్యాకప్ రింగ్‌ది. బ్యాకప్ రింగ్ ఆయిల్ పీడనం వచ్చే వైపుకు కాకుండా దానికి అవతలి వైపున ఉండాలి. తారుమారైతే ఓ-రింగ్ సందులోకి నొక్కుకుపోయి అంచు చెక్కినట్టు తెగుతుంది.

రాడ్ వెంబడే వస్తోందని తేలితే కొత్త కిట్ కొనే ముందు పాత సీల్‌ను చేతిలోకి తీసుకుని పరిశీలించండి, ఎందుకు చెడిందో అదే చెబుతుంది. పెదవి ఒక వైపే అరిగితే రాడ్ వంగినట్టు గానీ, పిన్నులు, బుష్షులు అరిగి సిలిండర్ మీద పక్క భారం పడుతున్నట్టు గానీ అర్థం. చుట్టూ గీతలు పడితే రాడ్ మీద గాట్లో, ఆయిల్‌లో ఇసుకో ఉన్నట్టు. గట్టిపడి పెళుసుగా విరుగుతుంటే ఆయిల్ అతిగా వేడెక్కినట్టు. ట్యాంకులో ఆయిల్ వేడి 80 డిగ్రీల సెల్సియస్ దాటి ఎక్కువకాలం సాగితే సీళ్ల ఆయుష్షు, ఆయిల్ ఆయుష్షు రెండూ తరుగుతాయి. మెత్తబడి ఉబ్బితే సరిపడని ఆయిల్ పోసినట్టు. పెదవి కాలి, నల్లగా గుంటలు పడితే సిలిండర్‌లో ఇరుక్కున్న గాలి ఒక్కసారిగా నొక్కుకుని మండినట్టు.

రాడ్ మీద గోరును నిలువుగానూ అడ్డంగానూ నడిపితే తగిలేంత గాటు ఉంటే అది ఏ సీల్‌నైనా చెక్కుతుంది. చిన్న గాటుకు లేచిన అంచును మాత్రం సన్నని నూనె రాయితో అణచి, 400, ఆ తర్వాత 600 నంబరు ఎమరీతో రాడ్ చుట్టూ తిప్పుతూ నునుపు చేయవచ్చు. పొడవునా రుద్దితే ఆ గీతలే ఆయిల్‌కు కాలువలవుతాయి. క్రోమ్ పొర లేచిపోయినా, తుప్పు గుంటలు సీల్ తిరిగే మేరలో ఉన్నా రాడ్‌ను కొత్తగా క్రోమ్ చేయించాలి లేదా మార్చాలి, వేరే దారి లేదు. యంత్రాన్ని నెలల తరబడి రాడ్లు బయటికి చాపి వదిలేయడం ఈ గుంటలకు ముఖ్య కారణం. రాడ్ వంపు చూడడానికి దాన్ని రెండు వీ-బ్లాకుల మీద పెట్టి తిప్పుతూ డయల్ గేజ్‌తో కొలవాలి. సీల్ కూర్చునే గాడిలో స్క్రూడ్రైవర్ గీతలు ఉన్నాయేమో కూడా చూడండి, పాత సీల్‌ను పెకలించేటప్పుడు అవి తరచుగా పడతాయి. సీల్‌తో పాటు వేర్ రింగులను (రాడ్‌ను నడుమ నిలిపి పక్క భారం మోసే రింగులను) మార్చారా అన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. చవక కిట్లలో అవి రావు, పాతవే మిగిలిపోతాయి. వేర్ రింగ్ అరిగితే రాడ్ భారమంతా సీల్ పెదవి మీద పడుతుంది.

కొత్త సీల్ పెదవి పీడనం వచ్చే వైపు, అంటే బ్యారెల్ లోపలికి చూడాలి. వేడి ఆయిల్‌లో కాసేపు నాననిస్తే మెత్తబడి, మూత్రపిండం ఆకారంలో మడిచి గాడిలోకి దింపడం తేలికవుతుంది. రాడ్ చివరి మరల మీద పలుచటి ప్లాస్టిక్ రేకు చుట్టకుండా గ్లాండ్ ఎక్కిస్తే ఆ మరలే పెదవిని కోస్తాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా సీల్ మళ్లీ పోతే రాడ్ వైపు పీడనం ఎక్కువవుతోందేమో చూడాలి. ఉదాహరణకు బ్యారెల్ లోపలి వ్యాసం 80 మి.మీ., రాడ్ 45 మి.మీ. అనుకుందాం. రాడ్ లోపలి చివరన బ్యారెల్‌లో కదిలే పిస్టన్ వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు, రాడ్ వైపు మిగిలే వలయం సుమారు 34. బూమ్ ఎత్తేటప్పుడు రాడ్ వైపు ఆయిల్ తిరిగిపోయే దారి మూసుకుపోతే, అడుగు వైపు 210 బార్ పీడనం ఉన్నప్పుడు రాడ్ వైపు అది 300 బార్ దాటగలదు. హోస్ లోపలి రబ్బరు పొర ఊడి కవాటంలా అడ్డుపడడం ఇలాంటి మూసివేతకు ఒక కారణం. పైకి హోస్ చక్కగానే కనిపిస్తుంది.

ఇప్పుడు బూమ్ జారడం. దీని మీద ఉన్నంత అపోహ మరే లక్షణం మీదా లేదు. బూమ్ జారితే పిస్టన్ సీల్ పోయిందని తీర్పు ఇచ్చేస్తారు, కానీ బూమ్ సిలిండర్ విషయంలో లెక్క ఆ తీర్పును బలపరచదు. మినీ ఎక్స్‌కవేటర్‌లో బూమ్ బరువు రాడ్‌ను సిలిండర్ లోపలికి నెడుతుంది. పిస్టన్ సీల్ పూర్తిగా పోయినా, సిలిండర్‌కు ఆయిల్ వచ్చిపోయే రెండు పోర్టులూ గట్టిగా మూసి ఉన్నంతవరకు రాడ్ లోపలికి దిగాలంటే తన ఘనపరిమాణమంత ఆయిల్‌ను బయటికి తోయాలి. ఆ ఆయిల్ పోవడానికి దారి లేదు. జరిగేదల్లా ఇదే: రెండు వైపులా పీడనం సమానమై, బరువంతా రాడ్ అడ్డుకోత వైశాల్యం మీద నిలుస్తుంది. పై ఉదాహరణలో ఆ వైశాల్యం సుమారు 16 చదరపు సెంటీమీటర్లే కనుక, సీల్ బాగున్నప్పుడు 60 బార్‌తో మోసిన బరువుకు ఇప్పుడు 190 బార్ కావాలి. ఆయిల్ కొంత నొక్కుకుని, హోస్‌లు కొంత ఉబ్బి, బూమ్ కొద్ది దూరం దిగి ఆగాలి. ఆగకుండా నేల వరకు దిగుతోందంటే ఆయిల్ సిలిండర్ దాటి ఎక్కడికో పోతోంది. ఆ దారి కంట్రోల్ వాల్వ్ స్పూల్ చుట్టూ కావచ్చు, ఆ వాల్వ్ బ్లాకులో బూమ్‌ను నడిపే సెక్షన్ పోర్ట్ రిలీఫ్ వాల్వ్ (పీడనం మితిమీరితే ఆయిల్‌ను వదిలేది) కావచ్చు, సిలిండర్ మీద బూమ్ జారకుండా పట్టే హోల్డింగ్ వాల్వ్ ఉంటే అది కావచ్చు. పిస్టన్ సీల్ కూడా పోతే పీడనం పెరిగి ఈ దారుల్లో లీకు వేగం హెచ్చుతుంది, కాబట్టి దానికి పాత్ర లేదని కాదు, ఒంటరిగా దోషి కాదని నా మాట. ఆర్మ్ సిలిండర్‌లో పరిస్థితి వేరు: ఆర్మ్‌ను ముందుకు చాచినప్పుడు బరువు రాడ్‌ను బయటికి లాగుతుంది, అక్కడ పిస్టన్ సీల్ ఒక్కటే చెడినా ఆర్మ్ జారగలదు.

పరీక్షను ఈ విధంగా చేయవచ్చు. ఆయిల్‌ను పని వేడికి తెచ్చి, ఆర్మ్, బకెట్‌లను మాన్యువల్ చెప్పిన స్థితిలో ఉంచి, బూమ్ ఎత్తి, ఇంజన్ ఆపి, గ్లాండ్ దగ్గర రాడ్ మీద గుర్తు పెట్టి, మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలకు రాడ్ ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో కొలవండి. కొంత దిగడం అన్ని యంత్రాలకూ అనుమతించినదే, ఎందుకంటే స్పూల్‌కూ దాని రంధ్రానికీ మధ్య కొన్ని మైక్రాన్ల సందు ఉండి తీరుతుంది. ఆ సమయంలో బూమ్ కింద ఎవరూ ఉండకూడదు.

పరిమితి దాటితే పిస్టన్‌ను విడిగా పరీక్షించాలి. బూమ్‌ను బలమైన ఆధారం మీద నిలిపి, రాడ్ చివరి పిన్ తీసి, సిలిండర్‌ను పూర్తిగా లోపలికి లాగించి, ఇంజన్ ఆపి, పీడనం తీసేశాక అడుగు వైపు హోస్ విప్పి, హోస్‌కు తగిన రేటింగ్ ఉన్న ప్లగ్ బిగించాలి. తెరిచిన పోర్టు కింద పాత్ర పెట్టి, మనిషి పక్కకు తొలగి, ఇంజన్‌ను తక్కువ వేగంలో నడుపుతూ బూమ్ దించే వైపు లివర్‌ను పట్టుకోవాలి. లోపల మిగిలిన ఆయిల్ మొదట కాస్త వచ్చి ఆగిపోతే పిస్టన్ సీల్ బాగున్నట్టే. ఆగకుండా సన్నధారగా వస్తుంటే సీల్ గానీ బ్యారెల్ గానీ చెడినట్టు. బ్యారెల్ నడుమ ఉబ్బి ఉంటే ఈ పరీక్షలో బయటపడదు, ఎందుకంటే పిస్టన్ చివరనే ఉంది. మీ విషయంలో ఇక్కడ ఒకటి ప్రత్యేకంగా చూడాలి. పిస్టన్‌కూ రాడ్‌కూ మధ్య ఒక చిన్న ఓ-రింగ్ దాగి ఉంటుంది. పిస్టన్ నట్టు చాలా ఎక్కువ టార్క్‌తో బిగించి ఉంటుంది కనుక దాన్ని విప్పలేక, బయటి సీల్ మాత్రమే మార్చి మూసేయడం జరుగుతుంటుంది. ఆ ఓ-రింగ్ పాతదైతే కిట్ ఎన్నిసార్లు మార్చినా ఆయిల్ నడుమ నుంచి దాటుతూనే ఉంటుంది.

పిస్టన్ నిర్దోషి అని తేలితే పోర్ట్ రిలీఫ్ వాల్వ్ వైపు తిరగండి. అదే వాల్వ్ బ్లాకులో అదే సెట్టింగు ఉన్న మరో సెక్షన్ రిలీఫ్‌తో దాన్ని తారుమారు చేస్తే, జారడం కూడా ఆ సెక్షన్‌కు మారితే కారణం దొరికినట్టే. తరచుగా దాని కూర్చునే అంచు మీద చిన్న లోహపు రేణువు ఇరుక్కుని ఉంటుంది, శుభ్రం చేస్తే సరిపోతుంది. సెట్టింగులు వేరైతే ఈ మార్పిడి చేయవద్దు. అదీ కాకపోతే మిగిలింది స్పూల్. స్పూల్ మీద గీతలు పడితే సీల్‌తో నయమయ్యేది కాదు, స్పూల్‌ను దాని హౌసింగ్‌కు జతపరిచి తయారు చేస్తారు కనుక ఆ సెక్షన్ మొత్తం మార్చవలసి రావచ్చు. సెక్షన్ల మధ్య నుంచి బయటికి చెమర్చే వాల్వ్ బ్లాకు బోల్టులను లీకు ఆపాలని ఇష్టం వచ్చినట్టు బిగించడం మరీ ప్రమాదం. స్పూల్ రంధ్రం వంకర పోయి స్పూల్ పట్టేస్తే లివర్ వదిలినా బూమ్ ఆగదు.

హోస్‌లు, ఫిట్టింగుల గురించి మీరు అడగలేదు గానీ, మీ మూడు లీటర్ల మాట ఇంకా తేలలేదు కనుక చెబుతున్నాను. లీకైన నట్టును మరింత బిగించడం అందరికీ తట్టే మొదటి ఆలోచన. కోన్ మీద కోన్ కూర్చునే జేఐసీ వంటి ఫిట్టింగులో అది కోన్‌ను పగలగొడుతుంది. ముఖం మీద ఓ-రింగ్ ఉండే ఓఆర్‌ఎఫ్‌ఎస్ ఫిట్టింగులో నలిగిన ఓ-రింగ్ ఎంత బిగించినా సీల్ చేయదు. రెండు స్పానర్లు వాడి, ఒకదానితో హోస్‌ను పట్టుకుని మరొకదానితో నట్టు తిప్పకపోతే హోస్ మెలితిరిగి, పీడనం వచ్చిన ప్రతిసారీ ఆ మెలి విప్పుకోవడానికి చూస్తూ నట్టును వదులు చేస్తుంది. ఈ రెండు రకాల ఫిట్టింగులకూ టెఫ్లాన్ టేప్ ఎందుకూ పనికిరాదు, వాటిలో సీల్ చేసేది మర కాదు. పైగా తెగిన టేపు ముక్క పైలట్ వాల్వ్‌లో ఇరుక్కుంటే కొత్త సమస్య మొదలవుతుంది. మరల కొలతలూ సరిచూడాలి: అర అంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో బీఎస్‌పీ (బ్రిటిష్), ఎన్‌పీటీ (అమెరికన్) పైపు మరలు రెండింటికీ అంగుళానికి 14 మరలే, అందుకే ఒకదానిలో ఒకటి ఎక్కుతాయి. కానీ మర కోణం ఒకదానికి 55 డిగ్రీలు, మరొకదానికి 60. బిగిసినట్టే ఉంటుంది, కారడం మానదు.

హోస్ పై రబ్బరు అరిగి తీగ అల్లిక కనిపించినా, క్రింప్ (ఫిట్టింగును హోస్‌కు నొక్కి బిగించిన చోటు) దగ్గర రబ్బరు ఉబ్బినా, మార్చడమే. పీడనం ఉన్న హోస్‌కు టేపు, క్లిప్పు, అతుకు ఏవీ మరమ్మతు కావు. ఆ ధార వేడి సైలెన్సర్ మీద పడితే నిప్పు అంటుకుంటుంది. కొత్త హోస్ చేయించేటప్పుడు పాతదాని మీద ముద్రించిన ప్రమాణాన్ని, లోపలి వ్యాసాన్ని, పని పీడనాన్ని చూసి అంతకు తగ్గనిది తీసుకోండి, ఫిట్టింగు ఆ హోస్‌కు సరిపడే తయారీదారుదే కావాలి. క్రింప్ చేశాక దాని వ్యాసాన్ని కాలిపర్‌తో కొలిపించండి. హోస్ కోసినప్పుడు లోపల పడే రబ్బరు పొడిని తొలగించకుండా బిగిస్తే అది నేరుగా వాల్వ్‌లోకి వెళుతుంది. పీడనంలో హోస్ పొడవు కొన్ని శాతం పెరగవచ్చు, తరగవచ్చు, కాబట్టి బిగుతుగా లాగినట్టు కాక కాస్త వదులుంచి అమర్చాలి.

పంపుకు ఆయిల్ తెచ్చే సక్షన్ వైపు లీకు మాత్రం బయటికి చుక్క రాల్చదు, లోపలికి గాలి పీల్చుకుంటుంది. పంపు ఈల వేసినట్టు మోగడం, సిలిండర్లు కుదుపుతో కదలడం, ట్యాంకులో నురుగు కనిపిస్తే సక్షన్ హోస్ కీళ్ల మీద ఒక్కొక్కటిగా గ్రీజు పూస్తూ పోండి. ఏ కీలు మీద పూసినప్పుడు మోత మారితే గాలి అక్కడి నుంచి వస్తోంది.

కనుక మీ యంత్రం విషయంలో ఈ క్రమం పాటించండి: కడగడం, మట్టం సరైన స్థితిలో చూడడం, ఇంజన్ డిప్‌స్టిక్, రెండు ఫైనల్ డ్రైవ్‌ల ప్లగ్‌లు, బెల్లీ ప్లేట్ తనిఖీ, ఆ తర్వాత పౌడర్‌తో గ్లాండ్ పరీక్ష, చివరగా జారుడు కొలత, పిన్ తీసి పిస్టన్ పరీక్ష. పిన్ ఎలాగూ తీస్తారు కనుక అప్పుడే బుష్షుల వదులు కూడా కొలవండి. సిలిండర్ విప్పవలసి వస్తే విప్పిన ప్రతి పోర్టుకూ హోస్‌కూ వెంటనే మూత పెట్టండి, గుడ్డ కుక్కవద్దు, దాని నూలు పోగులు కూడా మలినమే. తిరిగి బిగించాక మాన్యువల్ చెప్పిన గ్రేడు ఆయిల్‌నే పోయండి. చాలా యంత్రాలకు ఐఎస్‌ఓ వీజీ 46 ఉంటుంది, కొన్నింటికి 10డబ్ల్యూ-30 ఇంజన్ ఆయిల్ చెబుతారు, రెండూ కలపకూడదు. ఇంజన్‌ను తక్కువ వేగంలో ఉంచి సిలిండర్‌ను చివరల దాకా తాకనివ్వకుండా కొన్నిసార్లు నెమ్మదిగా ఆడించి గాలి పోయాక మాత్రమే పూర్తి నిడివికి పోనివ్వండి. పంపు విప్పి ఉంటే ఇంజన్ స్టార్ట్ చేసే ముందు దాని కేస్‌ను ఆయిల్‌తో నింపాలి. ఫిల్టర్ మార్చి, ఒక గంట పని చేయించి, చల్లారాక మట్టాన్నీ బిగింపులనూ మళ్లీ చూసి, మొదటి రోజు పని ముగిశాక ఇంకొకసారి చూడండి.